సీతాఫలం మూల

భూములమ్మేవాళ్ళు నాకు రోజూ ఫోన్ చేస్తారు. భూపాలపల్లిలో మా ఆయన పెన్షన్ మీద బతికే ముసలిదాన్ని, నా నంబరు వాళ్ళకు ఎవరిచ్చారో దేవుడికే తెలియాలి. మామూలుగా అయితే విసుక్కుని పెట్టేస్తాను. మొన్న మాత్రం ఫోన్‌లో ఒక ప్రకటన దగ్గర నా వేలు ఆగిపోయింది. జనగామ దగ్గర ప్లాట్లు. పైనుంచి తీసిన ఫోటోలో వెనకాల ఉన్న గుట్టను చూసి గుర్తుపట్టాను. అది ఒకప్పటి మా చేను.

ఆ చేనును అమ్మిపెట్టిన మనిషికి ఫోన్ కాదు కదా, చేతికి గడియారం కూడా ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు భూమి అమ్మాలన్నా, కొనాలన్నా ఆయన మధ్యలో ఉండాల్సిందే. పాత సైకిలు, నెత్తికి తువ్వాల, నోట్లో చుట్ట. మా అమ్మ ఆయన్ను కాక అనేది, నేను తాత అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. ఆయనకొక పద్ధతి ఉండేది. కొనేవాడికి హద్దులన్నీ తిప్పి చూపించి, రేటు తెగిన తర్వాత, అమ్మేవాడి ఇంటి ఆడమనిషిని చేనుకే పిలిపించేవాడు. ఆమె అక్కడ నిలబడి తన నోటితో సరే అంటే తప్ప బేరం కుదిరినట్టు కాదు. ఆడవాళ్ళను అడిగేదేమిటని మగవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

మా చేను విషయంలో అమ్మను అడగాల్సిన కారణం ఇంకొకటి కూడా ఉంది. ఆ చేను ఒక మూలన మా తమ్ముడు ఉన్నాడు.

తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన అరవై తొమ్మిదిలో వాడికి రెండేళ్ళు. జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. బండి కట్టుకుని జనగామ దవాఖానకు పోతే వరంగల్ తీసుకుపొమ్మన్నారు. ఆ రోజు వాళ్ళ బంద్ వల్ల బస్సుల్లేవు, రైళ్ళు ఆగిపోయాయి. అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని స్టేషన్‌లో కూర్చుంది. సాయంత్రానికి వాడు అమ్మ ఒళ్ళోనే పోయాడు. ఎవరిని తిట్టాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పిల్లలు అడిగిందీ న్యాయమే, మా తమ్ముడు పోయిందీ నిజమే. చిన్నపిల్లలను కాల్చరు కాబట్టి చేను మూలన సీతాఫలం చెట్టు కింద పూడ్చిపెట్టారు. గోరీ కట్టలేదు, రాయి పాతలేదు. చెట్టే గుర్తు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు బావి ఎండిపోయింది. బాపుకు మహబూబాబాద్‌లో, అంటే మేమంతా మానుకోట అనే ఊళ్ళో, రైస్‌మిల్లు గుమాస్తా పని దొరికింది. చేను అమ్మడం తప్ప దారి లేదు. కొనేవాడు పక్క ఊరి రైతు. హద్దులు చూడడం అయిపోయాక తాత అమ్మను పిలిపించాడు. నేను అమ్మ వెనకాలే వెళ్ళాను.

“బిడ్డా, నీ పెనిమిటి చెప్పిండు. నువ్వు చెప్పలే. నీ మనసుల ఏమున్నదో గిక్కన్నే చెప్పు,” అన్నాడు తాత.

అమ్మ మూలనున్న సీతాఫలం చెట్టు దిక్కు చూసింది. “అమ్మకుంటె ఎట్ల బతుకుతం కాకా. ఇస్త. గని గా మూలకు నాగలి పోవద్దు. ఏడాదికొక్కపారి నేనొస్త, నన్ను రానియ్యాలె.”

కొనే రైతు మంచివాడే. “పసిపిలగాని జాగ. ముట్ట తల్లీ,” అన్నాడు.

“కాయితంల రాపిద్దామా కాకా?” అని బాపు నసిగాడు.

తాత చుట్ట నోట్లోంచి తీశాడు. “రాస్తె కాయితాన్నే సూస్తరు, మనిషిని సూడరు. నేను లేనా? నేనుండంగ గా మూలను ఎవడు ముట్టడు.”

అమ్మకు ఆ మాట చాలు. తల ఊపింది. బేరం కుదిరింది.

ప్రతి ఏడూ తమ్ముడు పోయిన రోజుకు అమ్మ తెల్లారకముందే లేచి మలీద చేసేది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి కట్టే ఆ ముద్దలంటే వాడికి ప్రాణం. వాటిని డబ్బాలో పెట్టుకుని ప్యాసింజర్ ఎక్కి జనగామలో దిగేసరికి తాత స్టేషన్ బయట సైకిల్‌కు ఆనుకుని నిలబడి ఉండేవాడు. వస్తున్నామని మేము కబురు పంపేవాళ్ళం కాదు, ఆయనకే యాదికుండేది. సైకిల్ నడిపించుకుంటూ ముందు ఆయన, వెనక మేము. చెట్టు కింద గడ్డి ముందురోజే పీకి ఉండేది. రైతు భార్య చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేది. అమ్మ ఏడ్చినంతసేపూ తాత అటు తిరిగి కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. బేరం ఎప్పుడో అయిపోయింది, ఆయన పని మాత్రం అయిపోలేదు.

నాకు పెళ్ళైంది. మా ఆయనకు బొగ్గుబావిలో ఉద్యోగం రావడంతో భూపాలపల్లి చేరాం. ఎనభైల చివర ఒక ఏడు పుట్టింటికి వెళ్ళినదాన్ని, అమ్మ వెంట జనగామ వెళ్ళాను. స్టేషన్ బయట తాత లేడు.

“జర ఆగుదాం బిడ్డా, వస్తడు. ముసలోడైండు గదా,” అంది అమ్మ.

రైలు దిగిన వాళ్ళంతా వెళ్ళిపోయారు. మమ్మల్ని చూస్తూ చూస్తూ ఉండబట్టలేక చాయ్ బండి అతను దగ్గరికి వచ్చాడు. “ఎవల కోసం అక్కా? సైకిల్ తాత కోసమా? గాయిన చలికాలంల్నే పాయె.”

అమ్మ డబ్బా చంకలో పెట్టుకుని నడిచింది.

వెళ్ళి చూస్తే చేను లేదు. గట్లు లేవు. ట్రాక్టర్‌తో చదును చేసి, వరసలుగా సున్నం వేసిన రాళ్ళు పాతారు. వాటి మీద ఎర్ర అంకెలు. రైతు అమ్ముకుని కొడుకు దగ్గరికి పట్నం వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆ బేరంలో మధ్యలో ఉన్నది వేరే మనుషులు. మోటార్‌సైకిల్ మీద ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు.

“ప్లాట్లు సూడనీకొచ్చిండ్రా?”

“ఈడ సీతాఫలం చెట్టుండె బిడ్డా. ఏ దిక్కుకుండె?” అంది అమ్మ.

“ఏ చెట్టు? నేనొచ్చేటాలకే అంత సాఫ్ జేసిండ్రు,” అని అతను వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అరవాలి? చూపించడానికి మా దగ్గర ఏముంది? చచ్చిపోయిన ఒక ముసలాయన మాట. ఆ క్షణంలో ఆయన మీద కూడా కోపం వచ్చింది. నేనుండంగ అన్నాడు, లేకపోతే ఏమిటో చెప్పలేదు.

అమ్మ అరవలేదు. డబ్బా మూత తీసింది. మొదటి రాయి దగ్గర కూర్చుని కొంచెం మలీద తుంచి పెట్టింది. లేచి రెండో రాయి దగ్గరికి వెళ్ళింది. ఏం చేస్తోందో అర్థమై నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ ఎండలో రాళ్ళన్నిటి దగ్గరా వంగి లేచింది. చివరి వరసకు వచ్చేసరికి డబ్బాలో పొడి మాత్రమే మిగిలింది.

“ఏడనో ఒక్కకాడ వాని నోటికందుతది,” అంది.

అమ్మ మళ్ళీ ఎప్పుడూ జనగామ పోలేదు. బతికినన్నాళ్ళూ తమ్ముడు పోయిన రోజున మలీద చేసి దొడ్లో పిట్టలకు వేసేది.

అప్పటి ప్లాట్లు ఇళ్ళు లేవకుండానే చేతులు మారి ఇప్పుడు మళ్ళీ అమ్మకానికి వచ్చినట్టున్నాయి. మొన్న ఆ ప్రకటన కింద ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే చెప్పలేను. మాట్లాడిన కుర్రాడు మర్యాదస్తుడు. తూర్పు ముఖం ప్లాట్లు ఉన్నాయన్నాడు, కాగితాలన్నీ క్లియర్ అన్నాడు. “మీరు రావాల్సిన పని కూడా లేదు మేడం, వీడియో పంపిస్త, అంత ఫోన్ల్నే సూసుకోవచ్చు.”

“అక్కడ ఇంతకుముందు ఏముండేదో తెలుసా బాబూ?”

“చేన్లు మేడం.”

చెప్పాను. చేను సంగతి, చెట్టు సంగతి, తమ్ముడి సంగతి.

“చిన్న పిల్లగాడా మేడం?” అన్నాడు, గొంతు తగ్గించి. అతనికీ పిల్లలున్నారేమో, నిజంగానే బాధపడ్డట్టు వినిపించింది. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “ఏ నంబర్ ప్లాట్‌ల మేడం?”

“తెలియదు బాబూ.”

హమ్మయ్య అన్నట్టు అతను ఊపిరి వదలడం నాకు స్పష్టంగా వినిపించింది.

“తెల్వకుంటె ఏం ఇబ్బంది లేదు మేడం,” అన్నాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.