నాలుగో వైపు

ముందు సీట్లో కూర్చున్నావిడ నిమ్మకాయను గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. బస్సు పొగ వాసన, దాని మీద నిమ్మతొక్క వాసన, రెండూ ఒకేసారి నాకు తగిలాయి. నా చేయి దానంతటదే ముందు సీటు కడ్డీని పట్టుకుంది. బస్సు మామూలుగానే పోతోంది. గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే దారిలో గుంతలు నాకు కొత్త కాదు. కానీ డీజిలూ నిమ్మకాయా కలిసిన ఈ వాసన వస్తే మాత్రం నా కాళ్ల కింద నేల కదలడం మొదలుపెడుతుంది. ఐదేళ్లయినా తగ్గలేదు. నిన్న తనిఖీ చేసి వచ్చిన పత్తి జిన్నింగ్ మిల్లుకే ఈ ఉదయం మళ్లీ వెళ్తున్నాను. ఎవరూ రమ్మనలేదు. ఎందుకు వెళ్తున్నానో చెప్పాలంటే ముందు రూతు టీచర్ గారి గురించి చెప్పాలి.

సత్తెనపల్లిలో ఆవిడది మా పక్క ఇల్లు. మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు సోషలూ లెక్కలూ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. పదో తరగతి దాకా సాయంత్రాలు ఆవిడ వరండాలో కూర్చునే లెక్కలు చేసేవాణ్ణి. ఆవిడ దగ్గర ఎర్ర సిరా పెన్ను ఉండేది కాదు. తప్పు చేస్తే కొట్టివేయరు, సరైనది రాసివ్వరు. తప్పు ఏ వరుసలో మొదలైందో ఆ వరుస పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. అంతే. ఆ చుక్కకంటే దెబ్బే నయమనిపించేది. దెబ్బ పడితే ఒక్క నిమిషంలో అయిపోతుంది. చుక్క అలా కాదు, నేను తప్పు పట్టుకునేదాకా అక్కడే ఉంటుంది. ఒకసారి ఏడుపు ముఖంతో, "తప్పేంటో చెప్పెయ్యండి టీచర్ గారూ" అని అడిగాను. "చుక్క దాకా వచ్చావుగా. ఇంక నీకూ తప్పుకీ మధ్య నేనెందుకురా?" అన్నారు.

నేను డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఏడాది, ఫిబ్రవరిలో, ఆవిడ కొన్ని కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కొచ్చి నుంచి లక్షద్వీపాలకు ఒక చిన్న ఓడ వెళ్తుందట. ఐదు రోజులు, మూడు దీవులు. చీరాలలో ఉన్న ఆవిడ చెల్లెలు తోడు వస్తానని ఒప్పుకుని, చివర్లో చుట్టూ నీళ్లే ఉండే చోటికి తాను రానని మొండికేసిందట. ఆవిడకు మోకాలు నొప్పి. తోడు లేకుండా వెళ్లలేరు, నన్ను పంపమని అడగడానికి వచ్చారు.

"ముప్ఫై ఏళ్లు పిల్లల చేత వల్లె వేయించానండీ, నాలుగు వైపులా నీరు ఉన్న భూభాగం ద్వీపం అని. ఒక్కటన్నా చూడలేదు. చూడకుండానే చెప్పేశాను," అన్నారు అమ్మతో.

నాన్న అప్పుడే కల్లం నుంచి వచ్చారు. ఒంటి నిండా మిరపకాయల ఘాటు. "కాయలు ఇంకా ఎండనే లేదండీ, మనుషులు దొరక్క నేను చస్తుంటే వీణ్ణి ఓడెక్కిస్తానంటారేంటండీ?"

"వాడు కల్లంలో చేసే పనేంటో నాకు తెలుసులెండి. కాయలు ఎండుతుంటే పక్కన నుంచుని పుస్తకంలో రాసుకుంటాడు. వాడు రాయకపోయినా ఎండుతాయి."

నాన్న నవ్వేశారు. అమ్మ మాత్రం, "ఓడలో అన్నం పెడతారాండీ?" అని ఒక్కటే అడిగింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. మా పొలం కాలవ చివర. మాకు నీళ్లంటే వంతు వచ్చిన రోజున వచ్చేవి, వచ్చినా మోకాలి లోతు దాటేవి కావు. ఈత రాదు. సముద్రాన్ని సూర్యలంకలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ పొడి ఇసుక మీద నుంచే. భయం వేసినప్పుడు నేను చేసేది ఒకటే, జాబితా రాయడం. ఆ వారంలో నలభై మూడు అంశాలతో జాబితా తయారైంది. వాంతుల మాత్రలు, టార్చి, తాడు, ఆరు నిమ్మకాయలు, అమ్మ చేర్చిన పండుమిరప పచ్చడి సీసా. టీచర్ గారు జాబితా అంతా శ్రద్ధగా చదివి, "ఆ పచ్చడి దాచిపెట్టరా. ఓడలో వంటవాడు రుచి చూశాడంటే మనకంటే ముందు వాడు సముద్రంలో దూకుతాడు," అన్నారు.

చిన్న ఓడలో మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం ఊహించుకోవాలని ఇప్పటికీ నన్ను ఎవరో ఒకరు అడుగుతుంటారు. గది రైలు పెట్టెలా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడకలు. బకెట్లో నీళ్లు నిలకడగా ఉండవు. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు పాదానికి ముందే తగులుతుంది, తరవాతిది ఎంతకీ తగలదు. మొదటి సాయంత్రం తిన్నది కడుపులో ఉండదు. అప్పుడు ఇంజను వాసన వచ్చే చోట నుంచుని నిమ్మకాయ గీక్కోవడం తప్ప దారి లేదు. ఇవన్నీ నా జాబితాలో ఉన్నాయి, ఎలాగో తట్టుకున్నాను. లేనిది ఒక్కటే. దీవి చుట్టూ పగడపు దిబ్బలు ఉంటాయి కాబట్టి ఓడ ఒడ్డు దాకా పోదు. దూరంగా లంగరు వేసి, ఓడ పక్కన ఒక తలుపు తెరుస్తారు. కింద చిన్న మోటారు పడవ వచ్చి నిలుస్తుంది. నడి సముద్రంలో ఆ తలుపులోంచి ఆ పడవలోకి అడుగు వెయ్యాలి.

మొదటి దీవి దగ్గర లైఫ్ జాకెట్ తొడుక్కుని వరుసలో నిలబడ్డాను. మోకాలు నొప్పి వల్ల టీచర్ గారు వెనక బల్ల మీద కూర్చున్నారు. పెద్దవాళ్ల తోడు వచ్చినవాళ్లు ముందు దిగి, కింద నుంచి చేయి అందించాలన్నది అక్కడి పద్ధతి. తలుపు దగ్గరికి వచ్చాక కిందికి చూశాను. పడవ తలుపు అంచు దాకా లేచింది, అంతలోనే నిలువెత్తు లోతుకు పడిపోయింది. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. ఆరు సెకన్లకు లేచింది. తరవాత తొమ్మిది. తరవాత నాలుగు. దానికొక క్రమం ఉంటే దిగేవాణ్ణేమో. పక్కకు తప్పుకుని వెనక్కి వచ్చాను. ఆ పది అడుగుల్లో ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నట్టు కూడా నాకు గుర్తు లేదు.

"అలలు ఎక్కువగా ఉన్నాయటండీ. పెద్దవాళ్లని ఇవాళ దిగొద్దంటున్నారు."

ఆవిడ నా ముఖం చూశారు. "అంటున్నారా? సరే అయితే," అని లైఫ్ జాకెట్ ముడి విప్పుకున్నారు.

రోజంతా పై అంతస్తులో రెయిలింగు పక్కన కుర్చీలో కూర్చుని దీవి వైపు చూశారు. అక్కడి నుంచి కొబ్బరిచెట్ల గీత, తెల్లటి ఇసుక గీత, అంతే కనిపించేవి. సాయంత్రం అందరూ తిరిగి వచ్చారు. వాళ్లలో ఒక గుజరాతీ ముసలమ్మ, చేతికర్ర పట్టుకుని, కొడుకు భుజం మీద వాలి మెట్లెక్కి వచ్చింది. టీచర్ గారికంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. టీచర్ గారు ఇసుక అంటిన ఆవిడ పాదాల వైపు చూశారు. "ఇసుక ఎంత తెల్లగా ఉందో చూడరా," అన్నారు. నేను పుస్తకం తీసి, 'దీవి 1: అలల వల్ల దిగలేదు' అని రాసుకున్నాను. నా పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను.

మర్నాడు ఉదయం ఆవిడ, "ఇవాళ ఎన్నింటికి దించుతారో రాశావా? ఏదీ, చూడనియ్యి," అని ఆ పుస్తకం తీసుకున్నారు. తిరిగి ఇచ్చాక తెరిచి చూశాను. నిన్నటి వరుస పక్కన పెన్సిల్ చుక్క.

టిఫిను దగ్గర ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాను. "అది అబద్ధమండీ. దిగొద్దని ఎవరూ అనలేదు. నాకే భయమేసింది," అన్నాను.

"తెలుసురా. ఒక్కొక్కళ్లూ దిగుతుంటే పైనుంచి చూస్తూనే ఉన్నాగా."

"మరి అడగలేదేంటండీ?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడివి. భయమేస్తే భయమని చెప్పు. నాకు మాత్రం వెయ్యట్లేదా? ఈ మోకాలితో అందులోకి ఎలా దిగాలా అని మొన్నటి నుంచి ప్రార్థన చేసుకుంటున్నా. ఇవాళ ఇద్దరం కలిసే భయపడదాం."

నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఎలాగైనా దిగాలని తలుపు దగ్గరికి అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాను. అప్పుడు మైకులో చెప్పారు. సముద్రం బాగోలేదు, ఈ దీవి దగ్గర ఎవరినీ దించడం లేదు. నా వెనక వరుసంతా ఉసూరుమంది.

"నిన్న నువ్వు చెప్పింది ఇవాళ నిజమైందిరా. ప్రవక్తవైపోయావు," అన్నారు టీచర్ గారు. పరిహాసానికే అన్నారు. నేను మాత్రం రోజంతా ఆవిడకు ఎదురుపడలేకపోయాను. మూడు దీవుల్లో ఒకటి సముద్రం తీసుకుంది, ఒకటి నేను తీసుకున్నాను. మిగిలింది ఒక్కటి. నురగ కనిపించిన ప్రతిసారీ ఇంకెంత పెరుగుతుందోనని చూస్తూ, కనిపించిన ప్రతి నావికుణ్ణీ రేపు ఎలా ఉంటుందని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఆవిడకు అరవై నాలుగేళ్లు. ఇంకోసారి ఎలా వస్తారు?

మూడో ఉదయం అలలు ఉన్నాయి, కానీ దించుతామన్నారు. తలుపు దగ్గర నా చేయి మళ్లీ వాచీ వైపు వెళ్లింది. "వాచీ జేబులో పెట్టరా," అని వెనక నుంచి టీచర్ గారి గొంతు. పెట్టాను. నావికుడితో వచ్చీరాని హిందీలో, నాకు చాలా భయంగా ఉందని చెప్పాను. అతను నవ్వి, నా మోచేతి కింద గట్టిగా పట్టుకున్నాడు. "అందరికీ భయమే. నువ్వు నీళ్లని చూడకు, నన్ను చూడు. లెక్క నేను పెడతాను," అన్నాడు. ఎప్పుడు దిగమన్నాడో, ఎప్పుడు కాలు వేశానో తెలియదు. పడవ చెక్క నా పాదాన్ని కింద నుంచి తన్నినట్టు తగిలింది. వెనక్కి తిరిగి చేతులు చాచాను. తలుపులో టీచర్ గారు చిన్నగా కనిపించారు. పెదవులు కదులుతున్నాయి. రెండుసార్లు పడవ లేచింది, రెండుసార్లూ నావికుడు వద్దన్నాడు. మూడోసారి ఆవిడ బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. ఒక చెప్పు సముద్రంలో పడిపోయింది.

"పోనీరా, దీవికి నాలుగు వైపులా తిరిగి కాపలా కాయనీ," అన్నారు, రొప్పుతూ.

దీవి మీద నేల కూడా ఊగుతున్నట్టే అనిపించింది. మిగిలిన చెప్పు చేతిలో పట్టుకుని, నా భుజం ఆసరాగా ఆవిడ మెల్లగా నడిచారు. ఆ దీవి పొడుగ్గా, సన్నగా ఉంది. ఒక వైపు పడవ ఆగిన ఆకుపచ్చ నీళ్లు. కొబ్బరితోట దాటి వెళ్తే రెండో వైపు, నల్లటి నీలం, హోరు. దగ్గర్లోనే ఉన్న దక్షిణపు కొసకు వెళ్లి మూడో వైపు కూడా చూశారు. అక్కడ ఒక కొబ్బరి మొద్దు మీద కూర్చుండిపోయారు. మోకాలు వాచింది. ఉత్తరపు కొస చాలా దూరం.

"ఇంక చాలు కదండీ?" అన్నాను.

"మూడు వైపులైతే ద్వీపకల్పమేరా. దానికి ఇంత దూరం రావడమెందుకు, మన దేశమే ద్వీపకల్పం. నువ్వెళ్లి నాలుగోది చూసి రా."

"నేనా?"

"నువ్వే. చూసి, ఏం చూశావో వచ్చి చెప్పు."

రెండు రోజుల క్రితం నేను ఆవిడకు చెప్పిన అబద్ధం మా ఇద్దరి మధ్యా ఇంకా అలాగే ఉంది. అయినా నన్నే పంపుతున్నారు. ఎండలో, తిరుగు పడవ దాటిపోతుందేమోనన్న భయంతో, సగం దూరం పరుగెత్తాను. దారిలో ఒకచోట కొబ్బరిచెట్ల సందులోంచి దూరంగా మెరుపు కనిపించింది. నీళ్లే అయి ఉంటాయి. అక్కడి నుంచే వెనక్కి తిరిగితే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆగాను. తరవాత కొస దాకా వెళ్లాను. అక్కడ ఇసుక నాలుకలా సన్నబడి నీళ్లలోకి దిగిపోయింది. రెండు పక్కల నుంచి వచ్చిన అలలు దాని మీద కలుసుకుంటున్నాయి. పొడి ఇసుక మీద ఆగకుండా, ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాను.

తిరిగి వచ్చి చెప్పాను. "ఉన్నాయండీ. నాలుగో వైపు కూడా నీళ్లే."

ఆవిడ నా తడిసిన ప్యాంటు వైపు కూడా చూడలేదు. నా ముఖమే చూశారు. "అయితే ద్వీపమేరా," అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. చీరాల నుంచి వచ్చిన చెల్లెలు పుస్తకాలన్నీ చర్చికి ఇచ్చేస్తూ, పాత సోషల్ పుస్తకం ఒకటి నాకిచ్చారు. ద్వీపం నిర్వచనం ఉన్న వరుస పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: 'మూడు వైపులు నేను చూశాను. నాలుగోది భాస్కర్ చూశాడు.' ఆ పేజీలో చుక్క ఎక్కడా లేదు.

ఇప్పుడు నేను పత్తి మిల్లుల్లో కరెంటు తనిఖీ చేస్తాను. పత్తి ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. నిన్నటి మిల్లులో లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ పిట్‌లు నాలుగు ఉన్నాయి. మూడు కొలిచాను. నాలుగోది పత్తి బోరాల వెనక ఉంది, తీయించాలంటే గంట పడుతుంది. నా బస్సుకు వేళవుతోంది. "అదీ అలాగే ఉంటుంది లెండి సార్," అన్నాడు మేనేజరు. నాలుగింటికీ ఎదురుగా 'చూశాను' అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చి కాగితం తెరిస్తే నాలుగో వరుస పక్కన ఏ చుక్కా లేదు. పెట్టేవారు లేరు. పెన్సిల్ తీసి నేనే పెట్టాను.

బస్సు ఆగింది. ముందు సీటావిడ నిమ్మకాయ కొంగులో ముడేసుకుంది. మిల్లు గేటు దగ్గర మేనేజరు నన్ను చూసి, "ఏంటి సార్, ఏమన్నా మర్చిపోయారా?" అన్నాడు.

"లేదండీ. నిన్న నాలుగోది చూడకుండానే చూశానని రాశాను. ఆ బోరాలు తీయించండి," అన్నాను.