‘చాలు’ అన్నదెవరు?

మొన్న శుక్రవారం మా అబ్బాయి ఫుట్‌బాల్ టీమ్‌ని దాదాపు ఓడించేసింది ఎవరో తెలుసా? అవతలి టీమ్ కాదు. నేను! సీట్లోంచి లేవకుండా, చేతిలో టీ కప్పు పట్టుకుని! ఎలాగో చెప్తాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి. ఎలాగూ ఇక్కడ అమెరికాలో మా ఊరు కమ్మింగ్‌లో సగం మంది నవ్వేశారు.

కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది. మా నిఖిల్ హైస్కూల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. వాడు దాన్ని విసరాలి, లేదా ఇంకొకడికి అందించాలి. ఆ రెండు మూడు సెకన్లలో అవతలి వాళ్ళు వచ్చి వాణ్ణి తొక్కెయ్యకుండా ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. వాళ్ళే అఫెన్సివ్ లైన్. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఆఫీసులో ఏటా చేయించే హెచ్‌ఆర్ ట్రైనింగ్ గుర్తొచ్చింది. ఎవరు ఎవర్ని ఏమన్నారో అనుకున్నాను! ఇప్పుడు నిద్రలో లేపినా చెప్తాను: మధ్యలో బంతిని వెనక్కి అందించే సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్న టాకిల్స్. నా కొడుకు ఎముకలు వాళ్ళ చేతుల్లో ఉంటే ఆ మాత్రం నేర్చుకోనా?

సీజన్ మొదట్లో పేరెంట్స్ మీటింగ్‌లో కోచ్ తేల్చి చెప్పేశాడు. "పిల్లలు మంచివాళ్ళే. కానీ మన లైన్ లైట్‌గా ఉంది. ఈ లైన్‌తో ప్లేఆఫ్స్‌కి వెళ్తామా అంటే, ప్రామిస్ చెయ్యలేను."

తక్కినవాళ్ళంతా వెయిట్ ట్రైనింగ్ అన్నారు, కొత్త డ్రిల్స్ అన్నారు. నా చెవిలో ఒక్క మాటే పడింది. లైట్! అంటే బక్కగా ఉన్నారన్నమాట. బక్కగా ఉన్న పిల్లల్ని ఏం చెయ్యాలో నన్నూ, తెనాలి నుంచి ఆరునెలలకని వచ్చిన మా అత్తయ్యనీ అడగాలి గానీ, కోచ్‌కేం తెలుసు? ప్రతి గురువారం ఐదుగురికీ మా ఇంట్లో డిన్నర్ అని అక్కడికక్కడే అనౌన్స్ చేసేశాను.

గారెలు, కోడి పులుసు, పులిహోర. సెంటర్ ఆడే టైలర్ మా గుమ్మంలోకి తల వంచుకుని వచ్చాడు. వీడు లైటా! ఆరు గారెలు తిని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఐయామ్ గుడ్, మ్యామ్" అన్నాడు.

ఇక వద్దని దానర్థం. అత్తయ్యకి తెలీదు. "గుడ్ అంటున్నాడే పాపం! నచ్చినట్టున్నాయి. ఇంకో రెండు వెయ్యి సుధా" అన్నారు.

వేశాను. నాకు తెలుసు కదా అంటారేమో. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, తెలియకేం? అయినా వేశాను.

"నో, రియల్లీ, ఐయామ్ గుడ్!"

"చూశావా, మళ్ళీ గుడ్ అన్నాడు."

మరో రెండు. టైలర్ కళ్ళల్లో నీళ్ళు. నిఖిల్ జాలిపడి వాళ్ళకి అక్కడే క్లాసు పీకాడు. "బ్రో, ఈ ఇంట్లో ఐయామ్ గుడ్ పనిచెయ్యదు. చాలు అనాలి. గట్టిగా. అనగానే లేచి పరుగెత్తాలి. కూర్చున్నావో, ఇంకోటి పడుతుంది."

అదీ నిజమే. గరిటెతో మా అత్తయ్య వస్తుంటే, చాలు అని అక్కడే కూర్చున్నవాడికి ఎప్పుడైనా చాలిందా? మూడో గురువారానికి ఐదుగురూ ఆరితేరారు. గరిటె కనపడేది. ఎవడో ఒకడు "చాలూ!" అని అరిచేవాడు. ఐదు కుర్చీలూ ఒక్కసారి వెనక్కి పోయేవి, ఐదుగురూ సింక్ వైపు దూకేవాళ్ళు. మా హార్డ్‌వుడ్ ఫ్లోర్ మీద ఆ గీతలు అలాగే ఉన్నాయి.

ఇక మొన్నటి మ్యాచ్. గెలిస్తే ప్లేఆఫ్స్. ఓడితే సీజన్ అయిపోయినట్టే. మా ఆయన ఆఫీసు పని మీద డాలస్ వెళ్ళారు. సాయంత్రం అత్తయ్యని నేనే తీసుకెళ్ళాను. గేట్ దగ్గర అందరూ లోపలిది పైకి కనపడే ప్లాస్టిక్ బ్యాగే తేవాలని రూల్. మా బ్యాగ్‌లో ఒక ఫ్లాస్కు, ఒక డబ్బా నిండా చేగోడీలు. సెక్యూరిటీ ఆయన డబ్బా వంక చూసి "ఆనియన్ రింగ్సా?" అన్నాడు. "అలాంటివే" అన్నాను. అత్తయ్య ఆయన అరచేతిలో రెండు పెట్టారు. ఇద్దరం లోపలికి వెళ్ళిపోయాం.

అత్తయ్య మెట్లెక్కలేరు. అందుకని మొదటి వరసలో, రెయిలింగ్ పక్కనే కూర్చున్నాం. పిల్లలు పిలిస్తే పలికేంత దగ్గర. అత్తయ్యకి ఒక చెవి సరిగ్గా వినపడదు, ఏం చెప్పినా అరవాలి. పైగా స్టేడియం గోల! అయితే ఒక సదుపాయం ఉంది. మన టీమ్ చేతికి బంతి వచ్చినప్పుడు మన వైపు జనమంతా నోరు మూసుకుంటారు. క్వార్టర్‌బ్యాక్ పిలుపు లైన్‌కి వినపడాలని. నేను దాన్ని ఇంకోలా వాడుకున్నాను. హమ్మయ్య, ఇప్పుడైతే అత్తయ్యకి నా మాట వినపడుతుంది!

బంతి మొదటిసారి మనకొచ్చింది. మన పిల్లలు వరసగా వంగి, వేళ్ళు నేలకి ఆనించి నిలబడ్డారు. స్టేడియమంతా నిశ్శబ్దం. అత్తయ్య ఫ్లాస్కులోంచి నా కప్పులోకి టీ పోస్తున్నారు. కప్పు నిండిపోతోంది.

"చాలు!" అన్నాను.

విజిల్! పసుపు జెండా, అంటే ఫౌల్! బంతి కదలకముందే లైన్ ముందుకి దూకేసింది. అలా దూకితే ఐదు గజాలు వెనక్కి పంపుతారు.

"ఏమైందే?"

"తొందరపడ్డారు అత్తయ్యా. టెన్షన్!"

కాసేపటికి చేగోడీలు బయటికొచ్చాయి. "చాలత్తయ్యా, చాలు!" ఈసారి టైలర్ ఏకంగా బంతిని వెనక్కి అందించేశాడు. నిఖిల్ పక్కకి తిరిగి ఎవరికో సైగ చేస్తున్నాడు. బంతి వాడి హెల్మెట్‌కి తగిలి ఎగిరి, అవతలి వాడి చేతిలో పడింది. వాడు పరుగో పరుగు, మైదానం చివరి గీత దాటేదాకా. టచ్‌డౌన్! మనకి కాదు, వాళ్ళకి.

వెనక వరసలో డేల్ అని ఒకాయన ఉంటాడు, ప్రతి మ్యాచ్‌కీ వస్తాడు, ప్రతి మ్యాచ్‌లోనూ తిడతాడు. "ఈ లైన్ చాలదు! నాట్ గుడ్ ఇనఫ్!" అని అరిచాడు. "ఎగ్జాక్ట్లీ!" అని నేను వెనక్కి తిరిగి మరీ వంత పాడాను. "ఇన్ని గురువారాలు అన్నన్ని గారెలు పెట్టాం, ఏం లాభం అత్తయ్యా? కుదురు లేదు వీళ్ళకి!"

"పోనీలే, నువ్వు తిను."

"చాలు!"

జెండా.

హాఫ్‌టైమ్ అయ్యేసరికి అలా నాలుగు జెండాలు, ఆ దిక్కుమాలిన టచ్‌డౌన్. పది పాయింట్లు వెనకబడ్డాం. కోచ్ టైలర్‌ని బయటికి లాగి బెంచీ మీద కూర్చోబెట్టేశాడు. ఆ పిల్లాడు తల మీద టవల్ కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేనేమనుకున్నానో తెలుసా? బాగా అయింది అనుకున్నాను! అదీ నా న్యాయం.

హాఫ్‌టైమ్‌కి అందరూ లోపలికి వెళ్తుంటే నిఖిల్ హెల్మెట్ తీసి రెయిలింగ్ దగ్గరికి వచ్చాడు. ముఖం జేవురించి ఉంది.

"అమ్మా! ఇక్కడ చాలు అంటున్నది ఎవరు?"

"ఏం చాలు?"

"టైలర్ ఒట్టేస్తున్నాడు, చాలు అని వినపడిందని. లైన్ మొత్తానికి వినపడింది. నేను అనలేదు!"

"నానమ్మ టీ పోస్తుంటే నేనన్నాను. అయితే ఏంటి?"

వాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మా... చాలు ఈజ్ అవర్ స్నాప్ వర్డ్!"

క్వార్టర్‌బ్యాక్ ఏ మాట అంటే లైన్ లేస్తుందో, ఆ మాటన్నమాట. మామూలుగా అందరూ 'హట్' అంటారు, అవతలి వాళ్ళూ దానికే కాచుకుని ఉంటారు. అందుకని వీళ్ళు ఈ మ్యాచ్‌కి రహస్యంగా 'చాలు' పెట్టుకున్నారు. "ఆ మాట వింటే వీళ్ళు ఎలా లేస్తారో నువ్వే చూశావుగా!" అన్నాడు. పైగా నా గొంతూ వాడి గొంతూ ఒకేలా ఉంటాయి. ఫోనెత్తితే మా అక్కయ్యే నాతో "నిఖిల్, ఒకసారి అమ్మకివ్వు" అంటుంది.

"ఏమంటున్నాడే వాడు?" అన్నారు అత్తయ్య.

"నన్ను నోరు మూసుకోమంటున్నాడు!"

కానీ టైలర్ బెంచీ మీద ఉన్నాడే! రెయిలింగ్ పక్క గేట్ దగ్గర కోచ్ కనపడ్డాడు. పరుగెత్తాను.

"కోచ్, టైలర్ తప్పేం లేదు. ఇట్ వాజ్ మీ."

"మ్యామ్?"

"చాలు అన్నది నేను. మా అత్తయ్యతో. టీ విషయంలో."

ఆయన నా వంక చూశాడు. చేతిలో కాగితం వంక చూశాడు. "ఎన్నిసార్లు?"

"ఐదు."

"కరెక్ట్‌గా ఐదే" అన్నాడు. కాసేపు దవడ బిగబట్టుకున్నాడు, నవ్వాపుకోడానికో, తిట్టాపుకోడానికో తెలీదు. "ఇప్పుడు మాట మార్చే టైమ్ లేదు మ్యామ్. సో ప్లీజ్..." అని పెదాల మీద జిప్ లాగి చూపించాడు. తర్వాత బెంచీ వైపు తిరిగి, "టైలర్! హెల్మెట్ పెట్టుకో!" అని కేకేశాడు.

వచ్చి కూర్చుని అత్తయ్య చెవిలో చెప్పాను, నేనిక చాలు అనకూడదని. ఆవిడ ముఖం వెలిగిపోయింది! "అనొద్దులే. తిను."

ఇన్నేళ్ళలో ఆవిడకి ఇంత మంచి అవకాశం రాలేదు. ఒళ్ళో చేగోడీలు గుట్ట పోశారు. చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి పక్కకి జరిపి పోశారు. తల అడ్డంగా ఊపాను. "మెడ పట్టిందా?" అన్నారు. నమిలాను. మింగాను. మళ్ళీ నమిలాను. అక్కడ మైదానంలో లైన్ ఉంది చూశారూ... గోడ! అచ్చం గోడ! నిఖిల్ మీద చెయ్యి వెయ్యనిస్తే ఒట్టు. ఒక టచ్‌డౌన్ కొట్టేశాం. ఇంక మూడే పాయింట్లు!

చివరి నిమిషం. గీతకి ఒక్క గజం దూరం. ఆఖరి ఛాన్సు. మన వైపు జనం ఊపిరి బిగబట్టారు. పిల్లలు వంగారు. సరిగ్గా అప్పుడే అత్తయ్య ఫ్లాస్కు ఎత్తారు. కప్పు నిండింది. అంచు దాటింది. వేడి వేడి అల్లం టీ నా మోకాలి మీద ధారగా... అమ్మో! కళ్ళు తిరిగాయి. నోట్లో చేగోడీ కొరికి పట్టుకున్నాను. కిక్కురుమనలేదు.

"చాలూ!"

నేను కాదు! నిఖిల్!

ఐదుగురూ ఒక్కసారి లేచారు. టైలర్ ఎదుటివాణ్ణి ఎత్తుకుని తీసుకెళ్ళినట్టే తీసుకెళ్ళాడు. వాడి వెనకే బంతి పట్టుకుని మా వాడు గీత దాటేశాడు. టచ్‌డౌన్! గెలిచాం! ప్లేఆఫ్స్! "అదీ లైన్ అంటే!" అని డేల్ నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. చేగోడీలు నలుదిక్కులా ఎగిరాయి. కాలిన మోకాలితోనే గెంతాను.

వచ్చే శుక్రవారం ప్లేఆఫ్. 'చాలు' సంగతి ఊరంతా తెలిసిపోయింది కాబట్టి మాట మార్చేశారు. మళ్ళీ తెలుగు మాటేనట. ఏంట్రా అంటే "సారీ అమ్మా, నీకు యాక్సెస్ లేదు" అన్నాడు. టైలర్‌కి తెలుసు. వాళ్ళమ్మకి తెలుసు. మా అత్తయ్యకి కూడా తెలుసు, "నీకెందుకులే" అంటున్నారు. నాకొక్కదానికే చెప్పరు.

ఏ మాట అంటే ఆ ఐదుగురూ లేస్తారో తెలీదు. అందుకని స్టేడియంలో నేను తెలుగు బంద్. దగ్గొచ్చినా ఇంగ్లీషులోనే దగ్గుతాను.