ఎల్లేష్ చెప్పిన మందు

“...గదంత కాదు బాపూ, దవాఖాన ముంగట బండి ఆపుమన్ననా లేదా?”

“అన్నవు బిడ్డా.”

“మరెందుకు ఆపలే?”

 ఎల్లేష్ భార్య యాదవ్వ చనిపోయి పదిహేడు రోజులైంది. కూతురు సుచిత్ర రోజూ అడుగుతూనే ఉంది. ఈరోజు అతని కంపెనీలోని గుర్రాల డాక్టరు భానుప్రకాశ్ వచ్చి వాకిట్లో కూర్చున్నా ఆగలేదు.

తన ఊరు అత్వెల్లి నుంచి పదకొండేళ్లుగా ఎల్లేష్ శామీర్‌పేట అవతలి కంపెనీకి పోతున్నాడు. అక్కడ గుర్రాలకు పాము విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. వాటి నెత్తురులో విరుగుడు పుడుతుంది. నెత్తురు తీసేటప్పుడు గుర్రం బెదరకుండా మెడ నిమురుతూ నిలబడటం అతని పని. ఆ మందు ఆఫ్రికాకు కూడా పోతుందని తెలిసిన రోజు, అదెక్కడుందో చూపించమని సుచిత్ర చేత స్కూలు పుస్తకం తీయించాడు. తర్వాత ఏ పెండ్లికి పోయినా అదే మాట.

“పాము కరిస్తే పరేషాన్ గాకుండ్రి. సీదా మా కంపెనీకి తోల్కరాండ్రి.”

“అగో, ఎల్లేష్ వచ్చిండు. ఇగ పాములన్ని పరార్” అని నవ్వేవాళ్లు. నవ్వినా నమ్మారు.

పదిహేడు రోజుల కింద మధ్యాహ్నం గడ్డి కోస్తున్న యాదవ్వను నాగుపాము కరిచింది. ఆమెను బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని, సుచిత్ర వెనక పట్టుకోగా, మేడ్చల్ దవాఖాన దాటి శామీర్‌పేటకు తోలాడు. కంపెనీ చేరేసరికి ఆమె రెప్పలు వాలిపోయాయి.

భానుప్రకాశ్ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “ఈడ ఉన్నది గుర్రం నెత్తురే ఎల్లేష్. దాన్ని మందు చేసేది వేరే ఫ్యాక్టరీల. సూది దవాఖానలనే ఉంటది.”

షెడ్డు నుంచి సంచుల్లో పోయే నెత్తురు ఎక్కడికి పోతుందో పదకొండేళ్లలో ఎల్లేష్ అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

భానుప్రకాశ్ తన కారులోనే ఆమెను వెనక్కి తెచ్చాడు. మేడ్చల్ చేరేసరికి ఆమెకు ఊపిరి లేదు. మందు అక్కడి ఫ్రిజ్‌లో ఉంది.

“సోమవారం కెన్యా సైంటిస్టులు వస్తున్నరు” అన్నాడు వాకిట్లో కూర్చున్న భానుప్రకాశ్ నెమ్మదిగా. “వాళ్ల దేశపు పాములకు విరుగుడు మన గుర్రాలతోనే తయారు చెయ్యాలంట. కొత్త గుర్రాలు నువ్వు లేకుంటే ఎవల్నీ దగ్గరికి రానిస్తలేవు. రా, ఎల్లేష్.”

“పో బాపూ” అంది సుచిత్ర. “లోకానికి మందియ్యి, పో.”

ఎల్లేష్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

“గుర్రాల కాడికి ఇప్పుడు రాను సార్. కంపెనీకే రమ్మని పన్నెండూర్లల్ల చెప్పిన. ఇంటింటికి పోయి, నేను చెప్పింది తప్పు, దవాఖానకే పోవాలెనని చెప్పొస్త. మొదలు రావల్కోల్ పోత.”