మామ్మ తీయించిన తలుపు

మా అమ్మాయి సాసేజీలూ బంగాళాదుంప ముక్కలూ కలిపి పెనం మీద వేపుతోంది. పక్క ఫ్లాటువాళ్లకి ఆ వాసన పడదని కిటికీ మూసింది. నాకు మామ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు శ్రీకాకుళంలో అద్దెకు దిగిన కొత్తలో, మేడ మీదుండే ఇల్లుగలావిడ మెట్ల మీద నిలబడి చెప్పింది: "నీసు వాసన ఇంకోసారి వచ్చిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాల." నాన్న తల దించుకున్నాడు. ఎండుచేపలు అమ్మే ఆయన్ని చదివించింది మామ్మ.

మర్నాడు పొద్దున్నే చద్దన్నంలోకి ఎండురొయ్యలు, బంగాళాదుంపలు ఇనప మూకుట్లో వేసింది. నేను పరుగున వెళ్లి తలుపు మూశాను.

"ఎందుకే మూసినావు?"

"ఆవిడ ఖాళీ సెయ్యమంటాది మామ్మా."

"మూస్తే పొగకి కళ్లు మండుతాయే. రెండు రెక్కలూ తియ్యి."

పాపం మామ్మ కళ్లనుకుని వీధి తలుపు కూడా తీసేశాను. వాసన నేరుగా మెట్లెక్కింది. నెల తిరక్కుండా ఇల్లు మారాం. మామ్మకి పొగ పడక మారామని కొత్త బళ్లో అందరికీ చెప్పాను. బతుకంతా కట్టెలపొయ్యి ఊదిన కళ్లకి పొగ ఒక లెక్కా అని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

"కిటికీ తియ్యమ్మా, కళ్లు మండుతాయి," అన్నాను.

"చిమ్నీ ఉంది కదా," అంది మా అమ్మాయి.

"ఉన్నా సరే. రెండు రెక్కలూ తియ్యి."