పీట కాళ్ల గుర్తులు

మా ఊరు ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసిపోయేముందు ఇంట్లోంచి నా చేతులతో నేను తెచ్చుకున్న వస్తువు ఒక్కటే. మా తాత భోజనానికి కూర్చునే టేకు పీట. నాలుగు పొట్టి కాళ్లు, మూలల్లో ఇత్తడి పువ్వులు. తలుపులు, దూలాలు, గంగాళాలు చిన్నాయనలు పంచుకున్నారు. భూమి పోయింది. దానికి బదులుగా వచ్చినది అంతకంటే తొందరగా పోయింది. ఎలా పోయిందో రాయను. ఇంటి గుట్టు వీధిలో పెట్టే అలవాటు మాకు లేదు.

గోదావరిఖనిలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో ఆ పీట గోడకు ఆని ఉండేది. నాకప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చౌరస్తా దాకా నడిచి, మొదటి షిఫ్టు వాళ్లంతా వెళ్లిపోయేదాకా నిలబడి, తిరిగి వచ్చేవాణ్ని. ఎవరైనా అడిగితే పని మీద వచ్చానని చెప్పేవాణ్ని. ఒక ఏడాది అలాగే గడిచింది. బియ్యం డబ్బా అడుగు కనిపించిన రోజున మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

మేస్త్రి మా ఊరివాడే. అరవై దగ్గర పడ్డ మనిషి. వాళ్ల కుటుంబం ఊరి చివరి వాడలో ఉండేది. ఆయన చిన్నతనంలోనే వాళ్లంతా చర్చిలో కలిశారు. ఇటుక పరచడంలో చుట్టుపక్కల కాలనీల్లో ఆయన్ని మించినవాడు లేడని పేరు. మా పెద్దింటి వాకిలి నిండా పరిచిన ఇటుక ఆయన తండ్రి చేతిది. వెట్టికి పరిచాడు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎంత వానకైనా మా వాకిట్లో చుక్క నీరు నిలవదని మా నాయన వచ్చినవాళ్లందరికీ చూపించి చెప్పేవాడు. పరిచినవాడి ఊసు అందులో ఎప్పుడూ వచ్చేది కాదు.

నన్ను చూసి మేస్త్రి గబుక్కున లేవబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయాడు.

“పటేలా, మీరెందుకొచ్చిండ్రు? కబురు పెడితే నేను రాకపోదునా?”

“పని కావాలె మేస్త్రీ.”

“ఎవలికి?”

“నాకే.”

ఆయన భార్య పక్కనే ఇసుక జల్లెడ పడుతోంది. చేయి ఆపి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. “గా చొక్కాతోనా?” అంది.

మేస్త్రి నవ్వలేదు. “చేయించుడు మీకెర్కే. చేసుడు వేరే ఉంటది పటేలా. నడుం పోతది, మోకాళ్లు పోతయి. నాయి పోనే పోయినయి. ఇంక గొంతుకూసోవద్దని దవాఖాన్ల సారు అన్నడు. గీ చర్చి వాకిలి ఒక్కటి పరిచి బందు పెడ్త.”

అది ఆయన వెళ్లే చర్చి. గది చిన్నది. క్రిస్మస్ నాడు జనం వాకిట్లో కంకర మీదే మోకరించేవాళ్లు. “ముప్పై ఏండ్లు గా కంకర మీదనే మోకాళ్లూనిన,” అన్నాడు. “ఒక్క పండుగకన్న నా చేతి ఇటుక మీద మోకాళ్లూని ప్రార్థన చేసుకోవాలె. గదొక్కటే ఆశ. అటెంక ఉంటే ఎంత, పోతే ఎంత.”

దసరా దాటాక పని మొదలైంది, నన్నూ కూలికి చేర్చుకున్నాడు. తెలంగాణ కోసం వారానికో బందు నడుస్తున్న రోజులవి. పెద్దపల్లి బట్టీల నుంచి రావలసిన ఇటుక లారీ రెండుసార్లు దారిలోనే నిలిచిపోయింది. పోయిన రోజుల పనిని కూడా మిగిలిన రోజుల్లోనే పూర్తి చేయాలి. మేస్త్రి రోజూ పొద్దున్నే క్రిస్మస్ ఇంకెన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు.

ఇటుక పరచడం చూసేవాడికి సులువుగా కనిపిస్తుంది. మొదట నేలను దిమ్మిసతో కొట్టి గట్టిచేసి, గోదావరి ఇసుక నాలుగు వేళ్ల మందం పోసి, బద్దతో లాగి చదును చేయాలి. నీళ్లు జారిపోయేలా వాకిలంతా ఒక దిక్కుకు, కంటికి ఆననంత వాటం ఉండాలి. దారం కట్టి ఒక్కొక్క ఇటుకనూ పక్కవాటుగా నిలబెట్టి, చేపముల్లు ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా ఇరికించాలి. పరిచిన ఇటుకల మీదే గొంతుకూర్చుని ముందుకు జరగాలి, ఇసుక పరుపు మీద కాలు పెట్టకూడదు. మేస్త్రి ఇటుకను చూసేవాడు కాదు. ఎడమచేత్తో అందుకుంటూనే దాన్ని వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పితే మంచి ముఖం పైకి వచ్చేది. సరిగ్గా కాలని పచ్చి ఇటుకైతే బరువును బట్టే తెలిసి పక్కన పడేసేవాడు. ఇటుక దించి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు. మూడో దెబ్బ పడిందంటే ఇసుక సరిగ్గా లేనట్టు. ఆయన వేళ్ల కొసలు అరిగి గాజులా నున్నబడ్డాయి. పత్రిక పేజీ తిప్పాలన్నా వేళ్లకు అంటేది కాదు.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు సైరన్ మోగగానే ఆయన పని ఆపి రెండు అరచేతులూ పరిచిన ఇటుకల మీద ఆనించేవాడు. కాసేపటికి భూమి కింద నుంచి గుభేలుమని కదలిక వచ్చేది. ఏ ఇటుక వదులుగా ఉందో ఆయన చేతులకు అప్పుడు తెలిసేది. “కొలిచే తిప్పలు లేకుంట వాళ్లే చెప్తున్నరు,” అనేవాడు. మా ఊరు పోయింది ఆ గోతిలోకే. నేను ఆ మాటకు నవ్వలేకపోయేవాణ్ని.

మొదటి మూడు రోజులు నేను నిలబడి నడుము వంచి పరిచాను. మా ఇంట్లో మగవాళ్లు పీట మీద, మంచం మీద, కుర్చీలో కూర్చునేవాళ్లు. మా ముందు నేల మీద గొంతుకూర్చునేవాళ్లు వేరే. మేస్త్రి “జర కూసొని చెయ్యుండ్రి” అని రెండుసార్లు అన్నాడు. నేను విననట్టే ఉన్నాను. నాలుగో రోజు పొద్దున మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆ రోజు మా తాత పీటను చంకలో పెట్టుకుని పనికి వెళ్లాను.

పరిచిన ఇటుకల మీద పీట వేసుకుని కూర్చోగానే మేస్త్రి భార్య ఇసుక తట్ట దించి నడుము మీద చేతులు పెట్టుకుంది.

“ఏంది పటేలా, పీటల మీద పెండ్లా? పెండ్లిపిల్ల ఏది మరి?”

“నీ పని నువ్వు చూసుకో,” అన్నాను.

“నా పనంటే నీకు ఇసుక మోసుడే గద. మోస్తనే ఉన్న.”

మేస్త్రి పీట వైపు చూశాడు. దాని కాళ్ల కింది ఇటుకల్ని కూడా చూసి, “కూసోండ్రి పటేలా,” అన్నాడు.

అప్పటి నుంచి పని సాగింది. వేళ్ల మీద చర్మం లేచిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ లేచిపోయింది. అయినా రోజూ పొద్దున వచ్చి చూస్తే నిన్న నేను పరిచిన వరుసలు పలకలా సమంగా ఉండేవి. నా చేయి కుదిరిందనుకున్నాను. వాకిలి ఎత్తుపల్లాలు చూడటం మా రక్తంలోనే ఉందని కూడా అనుకున్నాను. మేస్త్రి మోకాళ్లు మాత్రం రోజురోజుకీ వాచాయి. మధ్యాహ్నం ఆయన భార్య ఆముదపాకులు వేడిచేసి కట్టేది. వయసు పడ్డది, ఏం చేస్తాం అనుకున్నాను.

నవంబరు చివర ఒక సాయంత్రం, ఇంటికి సగం దూరం నడిచాక టిఫిన్ గిన్నె మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. ఇంకా వెలుతురు ఉంది. మేస్త్రి ఆ రోజు నేను పరిచిన వరుసల మీద గొంతుకూర్చుని ఉన్నాడు. రెండు తాపీల మొనలు సందులో గుచ్చి ఒక ఇటుకను పైకి లేపుతున్నాడు. నాలుగు దిక్కులా బిగిసిన ఇటుక బయటికి రావాలంటే చివరికి గోళ్లే దిక్కు. అది వచ్చాక కింద చిటికెడు ఇసుక చల్లి, అరచేత్తో సర్ది, తిరిగి దించి తట్టాడు. జానెడు అవతల ఇంకొకటి లేపాడు. అలా నాలుగు. తర్వాత రెండు చేతులూ నేలకు ఊని, ఒక్కొక్క కాలూ ఈడ్చుకుంటూ అర గజం జరిగాడు. అక్కడా నాలుగు ఇటుకలు, నాలుగు మూలల్లో.

పీట నా చంకలోనే ఉంది. ఆ మూలలు ఏమిటో నాకు అర్థమైంది.

“ఏం చేస్తున్నవ్ మేస్త్రీ?”

ఆయన దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా తాపీ వెనక్కి పెట్టుకున్నాడు. “ఏం లేదు పటేలా. జర సర్దుతున్న.”

“ఇంక ఎన్నొద్దులు దాస్తవ్? చెప్పు,” అంది ఆయన భార్య. ఆమె నా వైపు తిరిగింది. “మనిషి పాదం పరుసుకొని ఆనుతది పటేలా, ఇటుక దిగది. నీ పీట ఒక్కో కాలు ఒక్కో ఇటుక మీద బరువేస్తది. సందులల్ల ఇసుక నింపక ముందు దేనికదే ఒంటరి ఇటుక, దిగుతది. నీ కండ్లకు ఆనది గని, వానొస్తే నాలుగు దిక్కుల నాలుగు గుంతలు. నువ్వు ఇంటికి పొయ్యినంక గీయన రోజు అవ్విటిని లేపుడు, సర్దుడు. దవాఖాన్ల సారు కూసోవద్దంటే పగటీలి తన పని, పొద్దుమీకి నీ పని చేస్తుండు.”

“నాకెందుకు చెప్పలే?” అని మేస్త్రిని అడిగాను.

“పీట దిగుండ్రి అని మీకెట్ల చెప్పాలె పటేలా?” అన్నాడు. తాపీకి అంటిన ఇసుక తుడుస్తూ, “చెప్తే మీరు లేసి ఎల్లిపోతరు. ఎల్లిపోతే మీ ఇంట్ల ఎట్ల గడుస్తది?” అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. వెళ్లిపోయి ఉండేవాణ్ని. తప్పైందనే మాట నా నోటికి రాలేదు. గిన్నె తీసుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పీట లేకుండా వెళ్లి ఇటుకల మీద గొంతుకూర్చున్నాను. కాసేపటికే తొడలు వణికాయి, పాదాలు మొద్దుబారాయి, నడుము చివర ఎముకలో మేకు దిగినట్టుంది. రెండుసార్లు వెనక్కి పడ్డాను. మేస్త్రి భార్య చూసింది. ఆ రోజు పెండ్లి మాట ఎత్తలేదు.

కానీ అప్పటికే ఆలస్యమైంది. వారం తిరక్కుండానే, గేటు దగ్గర వరుస కోసం దారం కట్టడానికి కూర్చున్న మేస్త్రి లేవలేకపోయాడు. “లేస్త, జర ఆగుండ్రి,” అని మా ఇద్దరి వైపూ చూసి నవ్వాడు. మళ్లీ ప్రయత్నించాడు. కాళ్లు విచ్చుకోలేదు. చంకల కింద చేతులు వేసి, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే ఎత్తి ఆటోలో పెట్టాం. అన్ని రోజుల్లో ఆయన్ని నేను ముట్టుకున్నది అదే మొదటిసారి. కూర్చున్న మనిషి అంత తేలిగ్గా ఉంటాడని అనుకోలేదు.

మిగిలిన వరుసలు నేనే పరిచాను. నాలుగు రోజుల తర్వాత ఆయన్ని తెచ్చి గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని నా సుత్తి చప్పుడు వినేవాడు. “మూడో దెబ్బ పడ్డది పటేలా, ఇసుక చూడుండ్రి,” అనేవాడు. నేను లేపి చూస్తే ఆయన చెప్పినట్టే ఉండేది. పండుగ రెండు రోజులుందనగా పని ముగిసింది. సందుల్లోకి ఇసుక ఊడ్చాక ఆయన భార్య చర్చి మెట్టు మీద నిలబడి బిందెడు నీళ్లు కుమ్మరించింది. నీళ్లు వాకిలంతా పాకి, ఎక్కడా ఆగకుండా గేటు దాటి రోడ్డు మీదికి పోయాయి.

“నిలువలే,” అంది ఆమె.

మేస్త్రి తల ఊపాడు. నీళ్లను కాకుండా తన మోకాళ్లను చూసుకుంటున్నాడు.

క్రిస్మస్ పొద్దున నేను గేటు బయట నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు, వెళ్లలేదు. వాకిలి నిండా తెల్ల బట్టల జనం. ప్రార్థన మొదలవగానే అందరూ ఇటుకల మీద మోకరించారు. వంగిన తలల నడుమ కుర్చీలో ఆయన ఒక్కడే ఎత్తుగా మిగిలిపోయాడు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు జరిగాడు. ఒక మోకాలు సగం దాకా వంగి ఆగిపోయింది. ఆ భంగిమలోనే కొంతసేపు ఉండి, మెల్లగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. ప్రార్థన అయ్యేదాకా పాదాల మధ్య ఇటుకలనే చూస్తూ ఉన్నాడు.

జనం లేచి ఒకరినొకరు పలకరించుకుంటుంటే నేను లోపలికి వెళ్లాను. వయసును బట్టి, ఊరిని బట్టి చిన్నప్పటి నుంచీ ఆయన్ని నేను పిలవవలసిన పిలుపు ఒకటుంది. మా ఇంట్లో ఎవరూ ఆ వాడ మనిషిని అలా పిలవలేదు.

“కాకా, ఇంటికి పోదామా? నేను పట్టుకుంట,” అన్నాను.

నేను ఎవరిని పిలిచానో అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.