నా పేరు మీద పరిగెత్తిన యాదగిరి

నిన్న పొద్దున ఫోన్ మోగింది. యాదగిరి భార్య లక్ష్మి.

"అన్నా, ఆయన పోయిండు. గుండెపోటట. ఇంతకుముందు గుండె జబ్బు ఉన్నదా అని డాక్టర్ అడిగిండు. ఎన్నడు లేదు సార్ అని చెప్పిన."

నేను బీరువా వైపు చూశాను.

ఎందుకంటే జబ్బు ఉంది. ముప్పై ఏళ్ళుగా ఉంది. ఆ రిపోర్ట్ నా బీరువాలో ఉంది.

నా పేరు మీద.

తొంభైల్లో ఫిల్మ్ నగర్‌లో మేమిద్దరం ఫైటర్లం. హీరోలకు డూప్‌లం. దెబ్బలు మావి, క్లోజప్‌లు వాళ్ళవి. నేను భీమవరం నుంచి వచ్చినవాణ్ణి, వాడిది బోరబండ. రోజూ అక్కణ్ణుంచి గుట్టలెక్కి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. వచ్చీరాగానే నా నోట్లో సిగరెట్ లాగి పారేసేవాడు.

ఒక సినిమాకి క్లైమాక్స్ ఛేజ్ ఉంది. అంతకుముందు షూటింగ్‌లో ఒక ఫైటర్ ఎండకి పడిపోయాడు. అందుకని ఈసారి, పరిగెత్తించి గుండె చూసే ట్రెడ్‌మిల్ టెస్ట్ రిపోర్ట్ తెస్తేనే పని అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్.

నేను రోజుకి రెండు పెట్టెలు ఊదేవాణ్ణి. పై ప్రాణాలు పైనే పోయాయి.

యాదగిరి ఆ సినిమాలో లేడు. పగలబడి నవ్వాడు. "హీరోలకు ఉరుకుతలేమా? నీకోసం నేనురుకుత. మొఖం ఎవరు చూస్తరురా?"

నిజంగానే ఎవరూ చూడలేదు. నా పేరు చెప్పి లోపలికి వెళ్ళాడు. నేను బయట టీ తాగుతూ కూర్చున్నాను.

టెస్ట్ మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ బాగాలేదు, రక్తనాళాల్లో అడ్డు ఉండొచ్చు, ఇంకా టెస్టులు చెయ్యాలి అన్నాడట డాక్టర్.

మెషిన్ పాడైందిరా అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. గుట్ట ఎక్కేటప్పుడు కొన్నాళ్ళుగా ఛాతీ పట్టేస్తోందట.

రోడ్డెక్కాక వాడన్న మొదటి మాట, "నీ సినిమా ఖరాబ్ చేస్తి గదరా."

అలాంటివాడు.

డాక్టర్‌కి నిజం చెబుదాం పద అన్నాను. "గుండె జబ్బున్న ఫైటర్‌ని ఎవడు పిలుస్తడు? ఇద్దరు పిల్లలున్నరు. ఒట్టెయ్" అన్నాడు.

వేశాను. స్నేహం కోసమే వేశానంటే అబద్ధం. ఈ డూప్ సంగతి బయటపడితే నా యూనియన్ కార్డు పోతుందని భయం కూడా.

తర్వాత మందులూ నా పేరు మీదే. "సూర్యారావ్" అని నర్స్ పిలిస్తే వాడు లేచేవాడు. ఇంట్లో బలం మాత్రలని చెప్పేవాడు.

ఫైట్లు మానేశాక, ఇప్పుడైనా చెప్పరా అన్నాను. "మంచిగనే ఉన్న గదా, వాళ్ళకెందుకు ఫికర్" అన్నాడు. నేనూ వదిలేశాను. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఇవాళ ఆ రిపోర్ట్ తీసుకెళ్ళి లక్ష్మి ముందు పెట్టి, అంతా చెప్పాను. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"ఒక్క మాట చెప్పకపోతివి అన్నా" అంది.

ఆ కాగితం మీద వాడి గుండె గీతలు వెలిసిపోయాయి. నా పేరు మాత్రం అలాగే ఉంది. ఆమె ముందే పెన్ను తీసి నా పేరు కొట్టేశాను. పక్కన యాదగిరి అని రాశాను.

ఉరికింది చాలురా యాదగిరీ. ఇంక ఎవరికీ డూప్ వెయ్యకు.

కూర్చో. నీ అలుపు తీరాలి.