మస్తాన్ మామ మందు

ఇవాళ వేడి పెనం మీద కొవ్వొత్తి చుక్క పడింది. ఆ వాసనకు అరవైల నాటి అనకాపల్లి గుర్తొచ్చింది.

నాన్న జీపు ఫ్రేములో ఒక బోల్టు తల విరిగి, కాస్త మొండి మాత్రం బయటికి కనిపిస్తూ, మిగతాది లోపలే బిగుసుకుపోయింది. మెకానిక్ మస్తాన్ మామ ఆ చోటును ఎర్రగా కాల్చి, కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి పాకింది.

"ఏటి మామా, రాత్తన్నావు?" అని అడిగాను.

"మందమ్మా. కాల్సిన సోట ఇది రాత్తే సల్లబడతాది," అని నవ్వి, పట్టకారుతో తిప్పాడు. మొండి బోల్టు మెత్తగా బయటికొచ్చేసింది.

ఆ సాయంత్రం అట్లపెనం తగిలి అమ్మ చెయ్యి బొబ్బెక్కింది. నేను కొవ్వొత్తి తెచ్చి గట్టిగా రుద్దాను.

"సల్లగుందా అమ్మా?"

"సల్లగుందే," అంది అమ్మ, కళ్లనీళ్లతో, చెయ్యి లాక్కోకుండా.

ఆ మందు ఇనుముకేనని నాకు పెద్దయ్యాక తెలిసింది. అమ్మకు ఆ రోజే తెలుసు. అయినా చెయ్యి కాలినప్పుడల్లా నన్నే పిలిచేది.